ట్రంపెట్ రిపేరు: నీళ్లూ నూనె మనవి, నిప్పూ సుత్తీ కావు

నల్లగొండలో ట్రంపెట్ పాడైతే అది ముందుగా చేరేది వెల్డింగ్ షాపుకు. కాదంటే కార్ల డెంటింగ్ షెడ్డుకు. వాద్యాలు బాగుచేసే మనిషి హైదరాబాద్‌లో ఉంటాడు, వెల్డింగ్ షాపు గల్లీ మొదట్లోనే ఉంటుంది. పైగా అక్కడి మనిషి మనకు తెలిసినవాడు. "ఇదెంత పని, పెట్టిపో అన్నా" అంటాడు. పెట్టి వచ్చేస్తాం.

ఇత్తడి వాద్యాన్ని ఇంట్లో బాగుచేసుకోవచ్చా, పనివాడికే ఇవ్వాలా అన్న మాట వచ్చినప్పుడల్లా ఉన్నవి రెండు దారులే అన్నట్టు వాదించుకుంటాం. నగరాల్లో ఉండేవాళ్లకు రెండేనేమో. మిర్యాలగూడ, దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి లాంటి చోట్ల మూడున్నాయి. ఒకటి మన చెయ్యి, ఇంకొకటి వాద్యాల మెకానిక్కు చెయ్యి, మూడోది సగం తెలిసిన చెయ్యి. ఇంట్లో కెలికి పాడుచేసిన ట్రంపెట్ల కన్నా ఈ మూడో చేతిలో పడి పనికిరాకుండా పోయినవే నేను ఎక్కువ చూశాను. ఆ చేతులు మంచివి కావని కాదు. ట్రాక్టరు ట్రాలీని, గేటును, కారు డోరును వాళ్లు చేసినంత బాగా ఎవరూ చేయలేరు. కానీ ట్రంపెట్ ఆ జాతిది కాదు.

నా గురించి ఒక మాట. మా మేనమామకు బ్యాండ్ సెట్టు ఉంది. నేను వేరే ఉద్యోగం చేసుకుంటూ సీజన్‌లో రెండో ట్రంపెట్ ఊదుతాను, మిగతా రోజుల్లో సెట్టు లెక్కలు రాస్తాను. బయానా ఎంత వచ్చింది, డ్రెస్సులకెంత పోయింది, రిపేర్లకెంత పోయింది, అన్నీ నా పుస్తకంలోకే వస్తాయి. కాబట్టి ఈ విషయంలో నాకున్నది సంగీతజ్ఞుడి అభిప్రాయం కాదు, లెక్కలు రాసేవాడి అభిప్రాయం.

ఆ అభిప్రాయం ఇదీ: నీళ్లతో, నూనెతో, గ్రీజుతో అయ్యే పని ఏదైనా మన ఇంట్లోనే చేసుకోవాలి, దానికి హైదరాబాద్ దాకా పోవడం దండుగ. నిప్పు గానీ సుత్తి గానీ ముట్టాల్సిన పనైతే మనమూ చేయకూడదు, గల్లీలో ఉన్నవాళ్లతోనూ చేయించకూడదు. ఎంత ఆలస్యమైనా సరే, వాద్యాల పనే బతుకుతెరువుగా ఉన్నవాడి దగ్గరికే పోవాలి. "చిన్న రిపేరు, పెద్ద రిపేరు" అని విడదీయడం నాకు నచ్చదు. చూడటానికి చిన్నగా కనిపించేవి కొన్ని నిప్పు పనులు. భయపెట్టేవి కొన్ని ఉత్త నూనె పనులు.

కడగడంతో మొదలుపెడతాను, ఎందుకంటే ఎవరూ కడగరు. కొన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా నీళ్లు చూడని ట్రంపెట్లు మన సెట్లలో చాలా ఉన్నాయి. బీ ఫ్లాట్ ట్రంపెట్‌లో మడతలన్నీ విప్పి సాపుగా పరిస్తే దాదాపు మీటరున్నర గొట్టం. బరాత్‌లో మిర్చి బజ్జీ తిని, చాయ్ తాగి, అదే నోటితో మనం ఊదేదంతా ఆ గొట్టంలోకే పోతుంది. మూతికి పెట్టుకునే మౌత్‌పీస్ దూరే మొదటి గొట్టాన్ని లీడ్‌పైపు అంటారు. దాన్ని వెలుగుకు పెట్టి ఒక కన్నుతో చూడండి. గుండ్రంగా మెరుస్తూ కనిపించాల్సిన చోట పచ్చగా, నల్లగా పాచి పట్టి ఉంటుంది. 2016లో బ్రిటన్ డాక్టర్లు ఒక కేసు ప్రచురించారు. బ్యాగ్‌పైప్ అనే సంచి వాద్యం రోజూ ఊదే ఒకాయన ఊపిరితిత్తులు పాడై చనిపోతే, ఆయన వాద్యం లోపల రకరకాల బూజు దొరికింది. బ్యాగ్‌పైప్‌కు తోలుసంచి ఉంటుంది, ట్రంపెట్‌కు ఉండదు, నిజమే. అయినా అది చదివాక మా సెట్టులో కడగమని చెప్పడానికి నాకు నోరు పెద్దదైంది.

కడగడానికి కావాల్సింది వెడల్పాటి టబ్బు, గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం, స్ప్రింగులా వంగే పొడవాటి బ్రష్షు. నీళ్లు మరగకూడదు. వేడి ఎక్కువైతే పైనున్న లాకర్ పూత పొరలు పొరలుగా లేస్తుంది. మన జిల్లాలో ఇంకో చిక్కుంది, బోరు నీళ్లు. ఫ్లోరైడ్ అనగానే దేశమంతా మన పేరే చెబుతుంది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు పడింది. ట్రంపెట్‌కు ఫ్లోరైడ్‌తో పేచీ లేదు, అదే నీళ్లలో ఉండే ఉప్పుతో ఉంది. బోరు నీళ్లతో కడిగి అలాగే ఆరబెడితే బకెట్టు అంచున పట్టే తెల్లటి పొర ట్రంపెట్ లోపల కూడా పడుతుంది. అది వేళ్లతో నొక్కే వాల్వులో పడితే ఇసుక పడ్డంత పని. అందుకే బోరు నీళ్లతో ఎంత కడిగినా చివరి జాడింపు మాత్రం క్యాను నీళ్లతో చేయండి. ఇరవై లీటర్ల క్యానులో నాలుగో వంతు చాలు. మిషన్ భగీరథ నల్లా వచ్చే ఇళ్లలో అదీ అక్కర్లేదు.

తోమడం దగ్గర మా ఇంట్లో ఆడవాళ్లతో నాకు ఎప్పుడూ వాదనే. ఇత్తడి కదా, చింతపండుతో తోమితే తళతళలాడుతుంది అంటారు. బిందెకైతే సరే. బిందె మందం, దానికి పై పూత ఉండదు. ట్రంపెట్ రేకు అర మిల్లీమీటరు ఉంటుందేమో, దానిమీద లాకరో నికెల్ పూతో ఉంటుంది. పూత పోయిన చోట చింతపండు పులుపు ఎక్కువసేపు ఉంటే ఇత్తడి గులాబీ రంగుకు తిరుగుతుంది. మెరుగుపొడులతో రుద్దితే పూతే అరుగుతుంది. మెత్తటి పాత ధోవతి గుడ్డతో తుడిస్తే చాలు. ఆపైన కనిపించే మచ్చలు పెళ్లివాళ్లెవరూ చూడరు, వాళ్ల కళ్లు వీడియో కెమెరా మీద ఉంటాయి.

ఇక వాల్వులు. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ట్రంపెట్‌లో మూడు పిస్టన్లుంటాయి, ఒక్కోటి ఒక్కో కేసింగ్‌లో, అంటే దాని చుట్టూ ఉండే గొట్టంలో, పైకీ కిందికీ ఆడుతుంది. పిస్టన్‌కూ కేసింగ్‌కూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది, తల వెంట్రుక మందం కన్నా తక్కువ. ఆ సన్నటి సందును నింపేది నూనె. పల్చటి వాల్వు ఆయిలు సీసా ధర ఎక్కువేమీ కాదు, ఒక సీసా చాలా రోజులొస్తుంది. అయినా మనవాళ్లు కొనరు. కొబ్బరినూనె వేస్తారు. ఎండాకాలం దాంతో బాగానే గడుస్తుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. మన పెళ్లిళ్లు మాఘంలో. మాఘమాసం రాత్రి పదింటికి, ఊరి బయట, చలిలో బరాత్ మొదలైతే వాల్వు నొక్కింది నొక్కినట్టే కిందే ఉండిపోతుంది. ఊదేవాడు వేలితో దాన్ని పైకి లాగుతూ పాట నడిపిస్తాడు. తెల్లారి నా దగ్గరికొచ్చి "స్ప్రింగు పోయిందన్నా, కొత్తది దెప్పియ్యి" అంటాడు. స్ప్రింగుకు ఏమీ కాదు. పిస్టన్ తీసి, సబ్బు నీళ్లతో కడిగి, తుడిచి, సరైన నూనె నాలుగు చుక్కలు వేస్తే అయిపోతుంది. చెరువుగట్టు జాతర కూడా మాఘంలోనే వస్తుంది, అప్పటికల్లా మా సెట్టు డబ్బాలో కొబ్బరినూనె సీసా కనిపించకూడదని గట్టిగా చెప్పిపెట్టాను.

కుట్టుమిషను నూనె వేసేవాళ్లూ ఉన్నారు. అది చిక్కన, దుమ్మును పట్టి ఉంచుతుంది. కిరసనాయిలు వేసేవాళ్లున్నారు, ఆ వాసన పీల్చుకుంటూ గంటలకొద్దీ ఊదడం వాళ్ల ఊపిరికే చేటు. స్లైడ్లకు, అంటే బయటికి లాగి లోపలికి తోయగలిగే వంపు గొట్టాలకు, మాత్రం చిక్కటి గ్రీజే కావాలి. అవి మాటిమాటికీ కదిలేవి కావు, గాలి పోకుండా బిగుతుగా నిలవాల్సినవి. వాల్వు నూనె వాల్వుకు, గ్రీజు స్లైడుకు, అంతకన్నా గుర్తుపెట్టుకోవాల్సింది లేదు.

ఇంట్లో వాల్వులు కడిగినవాళ్లు నూటికి తొంభై మంది, కడిగాక ఒకసారి గాభరా పడతారు. అన్నీ బిగించి ఊదితే గాలి పోదు. గోడను ఊదినట్టు ఉంటుంది. "అన్నా, ఖరాబైంది" అని ఫోన్. ఖరాబు కాలేదు. పిస్టన్లు తారుమారయ్యాయి, లేదా ఏదో ఒక పిస్టన్ దాని గాడిలో కూర్చోలేదు. చాలా పిస్టన్ల మీద 1, 2, 3 అంకెలు కొట్టి ఉంటాయి. ఊదేవాడి మూతికి దగ్గరగా ఉండేది 1. పిస్టన్‌ను కేసింగ్‌లోకి దించి మెల్లగా తిప్పితే పిస్టన్ పక్కనుండే చిన్న గైడు ముక్క గాడిలో పడి టిక్కుమని తగులుతుంది, ఆ తర్వాత తిరగదు. అలా పడ్డాకే పైమూత బిగించాలి. దీని కోసం హైదరాబాద్ బస్సెక్కినవాళ్లు నాకు తెలుసు. మెకానిక్కు దాన్ని ఒక్క తిప్పు తిప్పి ఇచ్చేశాడు, డబ్బులు కూడా తీసుకోలేదు. బస్సు కిరాయికి తోడు ఒక రోజు కూలీ పోయింది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమంటే ఇదే.

పిస్టన్ దగ్గర మాత్రం ఒక పని ఎప్పుడూ చేయకూడదు. ఆడటం లేదని గరుకు కాగితంతో రుద్దకూడదు. ఎంత సన్నపు నీటి ఎమెరీ అయినా వద్దు. ఆ వందో వంతుల సందును మనమే పెద్దది చేసుకున్నట్టవుతుంది. గాలి అందులోంచి పక్కలకు పోతుంది, పై స్వరాలు పలకవు, ఊదేవాడి దవడలు పడిపోతాయి. అరిగిన పిస్టన్‌కు మళ్లీ పూత వేసి కేసింగ్‌కు సరిచేయడం చిన్నాచితకా షాపుల్లో అయ్యే పని కాదు. అరిగిందో లేదో తెలుసుకోవడం మాత్రం ఇంట్లోనే తేలిక. రెండో వాల్వు స్లైడును, వాల్వు నొక్కకుండా, సగం బయటికి లాగి కాసేపు ఆగండి. తర్వాత వాల్వు నొక్కండి. టప్పుమని సౌండొస్తే గాలి బిగుతుగా ఉన్నట్టు. ఏ చప్పుడూ లేకపోతే ఎక్కడో కారుతోంది. పాత ట్రంపెట్ కొనడానికి పోయినప్పుడు నేను మొదట చేసేది ఇదే. అమ్మేవాడి ముఖం కూడా అప్పుడే చూస్తాను.

నీళ్లు వదిలే చిన్న మీటకు బెండు ఉంటుంది. అది ఊడిపోతే హవాయి చెప్పు రబ్బరు కోసి అతికించడం మన సెట్లలో పాత అలవాటు. నేను దాన్ని తప్పుపట్టను. గుండ్రంగా, సాపుగా కోస్తే సీజన్ గడిచిపోతుంది. వాల్వు బొత్తం కింద వేసే ఫెల్టుల (మెత్తటి ఉన్ని బిళ్లల) దగ్గర మాత్రం ఇంత చనువు పనికిరాదు. ఫెల్టు మందం మారితే పిస్టన్ ఆగే ఎత్తు మారుతుంది, పిస్టన్‌లో రంధ్రం స్లైడు రంధ్రానికి ఎదురుగా నిలవదు. సౌండు మూసుకుపోయినట్టు వస్తుంది, కారణం ఎవరికీ అంతుబట్టదు. పాత ఫెల్టు మందం చూసుకుని అంతే మందం ఉన్నది వేయండి.

మౌత్‌పీస్ ఇరుక్కోవడం. పూర్తిగా నూనె పనీ కాదు, పూర్తిగా సుత్తి పనీ కాదు, కాబట్టి అసలు పంచాయితీ అంతా ఇక్కడే. కుర్రవాళ్లకు ఒక అలవాటుంటుంది, మౌత్‌పీస్ పెట్టాక అరచేత్తో ఠప్పుమని కొడతారు. దాని కాడ మొన వైపు పోనుపోను సన్నబడుతుంది, ఇరవైకి ఒకటి చొప్పున. దెబ్బకు అది లోపల చిక్కి కూర్చుంటుంది, ఇక కదలదు. అప్పుడేం చేస్తారంటే, ఒకడు ట్రంపెట్ పట్టుకుంటాడు, ఇంకొకడు ప్లయర్స్‌తో మౌత్‌పీస్ పట్టి తిప్పుతాడు. మౌత్‌పీస్ రాదు. దానితోపాటు లీడ్‌పైపు మెలిపడుతుంది, పైపును పట్టి ఉంచే కట్టు టంకం దగ్గర ఊడుతుంది. నూనెతో తీరాల్సిన కష్టాన్ని మనమే నిప్పు దాకా తెచ్చుకుంటాం. ముందు చేయాల్సింది, అతుకు దగ్గర తుప్పు వదిలించే పల్చటి నూనె వేసి రాత్రంతా వదిలేయడం. తెల్లారి చిన్న చెక్కముక్కతో చుట్టూ మెల్లగా తట్టి, వేళ్లతో మాత్రమే తిప్పడం. వస్తే వచ్చింది. రాకపోతే దీనికోసమే ఒక బిగింపు పనిముట్టుంది, అటూ ఇటూ మరలు బిగిస్తూ పోతే మౌత్‌పీస్‌ను తిప్పకుండా నిటారుగా బయటికి తోస్తుంది. సెట్టుకు ఒకటి కొని పెట్టుకోవాల్సిన వస్తువు అది. డ్రమ్ముకు కొత్త తోలు వేయించడానికి వెనకాడనివాళ్లు దీనికి వెనకాడతారు, నాకర్థం కాదు.

ఇరుక్కున్న స్లైడు కూడా ఇలాంటిదే. చిలుము పట్టి, గ్రీజు ఎండి బిగుసుకుంటుంది. నూనె వేసి రాత్రంతా ఉంచాలి. స్లైడు వంపులోంచి నూలు గుడ్డను దూర్చి, ఆ వాల్వును నొక్కి పట్టి, ఒక్క కుదుపుతో లాగాలి. నొక్కకపోతే లోపల గాలి చిక్కుకుని వెనక్కి లాగుతుంది. అలా ఒకటి రెండు సార్లకు రాకపోతే వదిలేసి సంచిలో పెట్టండి. ఆ తర్వాత కావాల్సింది వేడి.

వేడి అంటే ఏ వేడి? వెల్డింగ్ షాపు మనిషికీ వాద్యాల మనిషికీ తేడా తేలేది ఇక్కడే. ట్రంపెట్ గొట్టాలను ఒకదానికొకటి పట్టి ఉంచే కట్లు మెత్తటి టంకంతో అతికినవి. తగరం, సీసం కలిసిన టంకం 183 డిగ్రీలకే కరగడం మొదలుపెడుతుంది. ఇత్తడి కరగాలంటే 900 పైచిలుకు కావాలి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరంలోనే రిపేరు మొత్తం నడుస్తుంది. వాద్యాల మనిషి చిన్న మంటతో టంకం కరిగేంత వరకే వేడి చూపిస్తాడు, పక్క అతుకు ఊడకుండా దానిమీద తడి గుడ్డ వేస్తాడు. గ్యాస్ వెల్డింగ్ మంట 3,000 డిగ్రీలు దాటుతుంది. ఆ మంట తగిలితే పక్కనున్న నాలుగు అతుకులూ ఒకేసారి వదిలేస్తాయి, లాకరు నల్లగా మాడుతుంది, గట్టిగా ఉండాల్సిన ఇత్తడి మెత్తబడుతుంది. ఇత్తడిలో ఉండే జింకు 907 డిగ్రీలకు మరుగుతుంది. వెల్డింగ్ పెట్టినప్పుడు వచ్చే తెల్లటి పొగ అదే. పీల్చినవాడికి ఆ రాత్రి చలిజ్వరం కూడా రావచ్చు. ఇదంతా అయ్యాక ట్రంపెట్ కట్టు గట్టిగానే అతుకుతుంది, అది అబద్ధం కాదు. ఎంత గట్టిగా అంటే తర్వాత ఏ మెకానిక్కూ దాన్ని ఊడదీసి సరిగ్గా పెట్టలేనంత గట్టిగా. మా సెట్టులో యూఫోనియం అనే పెద్ద ఇత్తడి వాద్యం ఒకటి ఉంది, కట్టు దగ్గర ఎవరో ఒక కంచు గడ్డలా వెల్డింగ్ పోసి ఇచ్చారు. దాన్ని చూసి హైదరాబాద్ మెకానిక్కు రిపేరు ధర చెప్పలేదు, పాత ఇనుప సామాను కొనే దుకాణం ఎటుందో చెప్పాడు.

గల్లీలో ఉన్నవాళ్లందరిలో ఇత్తడిని అర్థం చేసుకున్నది ఎవరైనా ఉన్నారంటే గిన్నెలకు కళాయి వేసేవాళ్లే. గిన్నెను ఎంత వేడి చేయాలో, నవాసారం ఎప్పుడు చల్లాలో, తగరం ఎప్పుడు జారుతుందో వాళ్లకు రంగు చూసే తెలుస్తుంది. ఒకప్పుడు బ్యాండ్ సెట్ల చిన్న అతుకులు వాళ్లే వేసేవాళ్లని మామయ్య చెబుతాడు. మన ఊళ్లలో ఇప్పుడు వాళ్లు కనబడటమే కరువు. ఇంట్లో ఇత్తడి గిన్నెలు అటకెక్కాక వాళ్లకు పనెవరిస్తారు? ఇప్పటికీ ఎక్కడైనా నమ్మకమైన పాత చేయి దొరికితే బయటి కట్టు ఒక్కటి వాళ్లతో వేయించడానికి నాకు అభ్యంతరం లేదు. లీడ్‌పైపు, స్లైడు కాళ్లు మాత్రం వాళ్లకూ ఇవ్వను. అవి ఒకదానికొకటి సరిగ్గా సమానంగా నిలవాలి. వంకరగా అతికితే స్లైడు జన్మలో కదలదు.

సొట్టల గురించి నేను చెప్పేది మావాళ్లకు నచ్చదు. చాలా సొట్టలను వదిలేయండి. బెల్లు అంచు దగ్గర, విశాలంగా విచ్చుకున్న చోట పడ్డ సొట్ట చూడటానికి అసహ్యంగా ఉంటుంది కానీ సౌండుకు చేసే చెరుపు కొంచెమే. లీడ్‌పైపులో, ట్యూనింగ్ స్లైడు వంపులో, గొట్టం సన్నగా ఉన్న చోట పడితే చిన్నదైనా స్వరం తప్పుతుంది. మనం చేసేది సరిగ్గా దీనికి ఉల్టా. పెళ్లివాళ్లకు కనిపిస్తుందని బెల్లు సొట్టను డెంటింగ్ షెడ్డులో కొట్టిస్తాం, లీడ్‌పైపు సొట్టను కనబడదు కదా అని వదిలేస్తాం. డెంటింగ్ మేస్త్రీ చేయి ఉక్కు రేకుకు అలవాటు పడ్డది. ఇత్తడి దెబ్బ తిన్నకొద్దీ గట్టిపడి పెళుసవుతుంది, ఒకే చోట మళ్లీ మళ్లీ కొడితే పగులుతుంది. వాద్యాల మనిషి బెల్లు లోపల దాని ఆకారానికే తయారైన ఇనుప దిమ్మె పెట్టి, పైనుంచి రుద్దుతూ సాపు చేస్తాడు. గొట్టాల్లోకి సైజువారీగా ఉక్కు గుండ్లు తోస్తాడు. ఆయన సుత్తి వాడటం చాలా తక్కువ. రోకలి బండ చివర పెట్టి కొట్టేసి సొట్ట తీశామని చెప్పుకునేవాళ్లున్నారు, సొట్ట పోయి బొడిపె వస్తుంది.

ఎవరూ బాగుచేయలేని జబ్బు ఒకటుంది. లీడ్‌పైపు మీద గులాబీ రంగు చుక్కలు, మధ్యలో ముదురు బొట్టు. బయటినుంచి పట్టిన మచ్చలనుకుని రుద్దుతాం. అవి లోపలినుంచి వచ్చినవి. ఎంగిలి తేమకు జింకు కరిగిపోయి రాగి మాత్రమే బోలుగా మిగులుతుంది, ఒకరోజు వేలితో నొక్కితే చిల్లు పడుతుంది. దీనికి లీడ్‌పైపు మార్చడమొక్కటే మందు. ఊదిన ప్రతిసారీ నీళ్లు వంచేసి, అప్పుడప్పుడు లోపల బ్రష్షు పెడుతూ ఉంటే ఇది చాలా ఏళ్లు ఆలస్యమవుతుంది. కడగండి కడగండి అని నేను వెంటపడేది ఇందుకే.

నా మీద వచ్చే ఎదురువాదన నాకు తెలుసు. మామయ్యే చేస్తాడు ఆ వాదన. "మా కాలంల హైదరాబాద్ ఎవడు వొయిండ్రా? కట్టు ఊడితే సుతిల్‌దారం గట్టి ఊదినం, పెండ్లి ఆగిందా?" ఆగలేదు. ఆయన మాటలో ఉన్న నిజాన్ని నేను ఒప్పుకుంటాను. సీజన్ మధ్యలో, రేపు పొద్దున ముహూర్తం పెట్టుకుని, ఎవడూ రిపేరు షాపులో కూర్చోలేడు. ఆ పూటకు దారం కట్టాల్సిందే, ఇన్సులేషన్ టేపు చుట్టాల్సిందే. దారం, టేపు రేపు విప్పేయొచ్చు, వాద్యానికి ఏమీ కాదు. నా పేచీ అలాంటి తాత్కాలికపు పనితో కాదు, తాత్కాలికమని చెప్పి గ్యాస్ మంట పెట్టే పనితో.

ఇప్పటి కుర్రవాళ్ల వాదన వేరు. "యూట్యూబ్‌ల అన్నీ ఉన్నయన్నా, గంతే సింపుల్." ఉన్నాయి, నేనూ చూస్తాను, కడగడం, నూనె వేయడం నేర్చుకోవడానికి వాటికి మించినవి లేవు. కానీ సొట్ట తీసే వీడియోలో మనం మనిషి చేతిని చూస్తాం, వెనక గోడకు వరసగా వేలాడుతున్న దిమ్మెలను, గుండ్లను చూడం. ఆ గోడ లేకుండా ఆ చేయి కూడా ఏమీ చేయలేదు.

హైదరాబాద్ పోవడానికి అదను ఆషాఢం. పెళ్లిళ్లుండవు, మన వైపు చాలా ఊళ్లలో బోనాలు శ్రావణంలోనే. మూఢం వచ్చినా మంచిదే. సీజన్ అయిపోగానే పోకుండా కొత్త సీజన్‌కు వారం ముందు పరిగెత్తితే ఆ వారం మొత్తం మనలాంటివాళ్లే క్యూలో ఉంటారు, మెకానిక్కు చేయి కూడా తొందరపడుతుంది. పార్శిల్‌లో పంపొద్దు. మోసుకుపొండి, పనవుతుంటే దగ్గర కూర్చోండి, అడ్డం పడకుండా చూడండి. మంచి మెకానిక్కు ముందు మిమ్మల్ని ఊదమంటాడు. ఊదించకుండా, వాల్వులు ఆడించి చూడకుండా సొట్ట లెక్కపెట్టి ధర చెప్పేవాడైతే నాకు అనుమానం. పనయ్యాక ఆయన ఊది చూపించాలి, మీరూ ఊది చూసుకోవాలి. సాక్సోఫోన్ కూడా ఇత్తడిదే కదా అని దీంతో కలిపి ఇంట్లో విప్పకండి. దానికి ప్యాడ్లు, మీటలు, సూదుల్లాంటి స్ప్రింగులు. అది వేరే లోకం, దాని రిపేరు ఎప్పుడూ బయటే.

ఆ మెకానిక్కులూ తగ్గిపోతున్నారు. బరాత్‌లోకి డీజే బాక్సులు వచ్చాక సెట్లు తగ్గాయి, సెట్లు తగ్గితే రిపేరు పని తగ్గింది, కొడుకులు ఆ పనిలోకి రావడం లేదు. చిన్న పనులన్నీ మనమే చేసుకుంటే వాళ్ల పొట్ట కొట్టినట్టు కాదా అని ఒకసారి ఒకరు అడిగారు. నాకలా అనిపించదు. నూనె చుక్క వేయడానికి ఎవరూ వాళ్లకు డబ్బులివ్వడం లేదు. అసలు పని మాత్రం వెల్డింగ్ షాపులకు పోతోంది. ఆ పనిని వాళ్లకు తిరిగివ్వమనే నేనంటున్నది.

చివరికి లెక్కల పుస్తకం. ఏ వాద్యం మీద ఎంత పెట్టాలి? మన సెట్లలో ఎక్కువగా ఉండేవి ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ సరుకు. అక్కడి జలీ కోఠీ గల్లీల్లో తయారయ్యే ట్రంపెట్లే ఉత్తరాది బరాత్‌లకూ మన బరాత్‌లకూ పోతాయి. కొత్తది కొన్నివేలల్లో వస్తుంది. దానికి పిస్టన్లు అరిగితే ఒక్క రూపాయి పెట్టొద్దు, కొత్తది కొనండి. కట్లు ఊడటం, స్లైడు ఇరుక్కోవడం వరకైతే పెట్టండి. యమహా లాంటిదైతే కొత్తదాని ధర దీనికి ఎన్నో రెట్లు, దానికి లీడ్‌పైపు మార్చినా, మొత్తం విప్పి కడిగించినా దండుగ కాదు. పోయిన మీరట్ ట్రంపెట్‌ను పాత సామానుకు అమ్మేయకండి, స్ప్రింగులు, వాల్వు మూతలు, బొత్తాలు, నీళ్ల మీట విప్పి డబ్బాలో దాచండి. అయితే చేత్తో చేసిన సరుకు కాబట్టి ఒకే దుకాణంలో కొన్న రెండింటి మూతల మరలు కూడా ఒకదానికొకటి పట్టకపోవచ్చు. రెండు తిప్పులకు వేళ్లతో సాఫీగా ఎక్కితే సరే. బిగిస్తేనే ఎక్కేలా ఉంటే వెనక్కి విప్పి డబ్బాలో వేసేయండి. మరలు పాడైన కేసింగ్‌కు మళ్లీ మరలు తీయాలంటే అదీ హైదరాబాద్ పనే.